తకధిమి రాజకుమారి

కాలిఫోర్నియాలో పుట్టి, నాట్యం క్లాసులో లయ నేర్చి, ఇతరుల పాటలకు కలం అరువిచ్చి, ముంబైలో పేరు తెచ్చుకున్న తెలుగమ్మాయి రాజా కుమారి. ఎన్ని సరిహద్దులు దాటినా ఆమె గొంతు సొంత భాష గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది

కోహ్కా (భిలాయి): ఆదివారం పొద్దున కోహ్కాలో మా వీధి చివర డాబా మీద నుంచి తట్టుకర్ర చప్పుడు వినిపిస్తుంది. ఉక్కు కర్మాగారం కోసం రెండు తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడ కూచిపూడి నేర్చుకుంటారు. వాళ్లు తమలో తాము హిందీలో మాట్లాడుకుంటారు, హిందీలోనే దెబ్బలాడుకుంటారు. ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడే తెలుగులో సగం ఛత్తీస్‌గఢీ కలిసిపోయింది. కానీ గురువు గారు ‘తకధిమి తకఝణు’ అనగానే అందరి నాలుకలూ ఒక్క దారిలోకి వస్తాయి. ఆ అక్షరాలు హిందీ కావు, నిజానికి తెలుగూ కావు. వాటికి అర్థం లేదు, లయ మాత్రమే ఉంది. బహుశా అందుకే అవి ఎంత దూరమైనా చెడకుండా ప్రయాణం చేయగలుగుతాయి.

సరిగ్గా ఇలాంటి క్లాసులోనే, ఇక్కడికి అర్ధ భూగోళం దూరంలో, 1990ల తొలి ఏళ్లలో ఓ తెలుగు డాక్టరో ఇంజనీరో తన కూతురిని దిగబెట్టి వెళ్లడం అమెరికాలో మామూలు దృశ్యం. 1965లో అమెరికా వలస చట్టాన్ని సవరించాక చదువుకున్న తెలుగువాళ్లు అక్కడికి బారులు తీరారు. 1977 నాటికి తానా పుట్టింది. 1980లలో లాస్ ఏంజెలెస్ శివార్లలోని కొండల నడుమ వెంకటేశ్వరుడికి గుడి వెలిసింది. గుడి, సంఘం, ఆపై ఆడపిల్లలకు నాట్యం క్లాసు: ప్రవాసాంధ్రుల సంస్కృతి రక్షణ పథకం దాదాపు అంతటా ఇదే. ఆ పథకం ఉద్దేశం పిల్లలు అమెరికాలో కలిసిపోకుండా చూడటం. దాని ఫలితాల్లో ఒకటి మాత్రం పెద్దలెవరూ ఊహించనిది. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న క్లేర్‌మాంట్ అనే కాలేజీల పట్టణంలో 1986 జనవరి 11న పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుని చివరికి ర్యాపర్ అయ్యారు. ప్రపంచానికి ఆమె రాజా కుమారి.

ఇంటిపేరు వినగానే మన పాఠకులకు ముందు గుర్తొచ్చేది భీమవరంలో పుట్టి న్యూయార్క్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావే. అమెరికాలో గొప్ప పనులు చేసి పేరు మాత్రం ఇతరులకు వదిలేసిన మనిషిగా ఆయన తెలుగువారికి గుర్తు. ఈ రావు గారమ్మాయి కథలోనూ అలాంటి అధ్యాయం ఒకటి ఉంది. తేడా ఏమిటంటే ఆమె అక్కడితో ఊరుకోలేదు.

జతి ఎక్కడ, ర్యాప్ ఎక్కడ?

1996లో ఫ్యూజీస్ బృందం ‘ద స్కోర్’ ఆల్బమ్ విడుదలైనప్పుడు శ్వేతకు పదేళ్లు. హిప్‌హాప్‌తో తన తొలి పరిచయం ఆ ఆల్బమ్‌తోనేనని ఆమె చెబుతారు. అప్పటికి హిప్‌హాప్ వయసు ఇరవై మూడేళ్లు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జమైకా నుంచి వలస వచ్చిన డీజే కూల్ హెర్క్ ఇచ్చిన పార్టీ దాని పుట్టినరోజని అందరూ ఒప్పుకుంటారు. ఫ్యూజీస్ ముగ్గురిలో ఇద్దరికి హైతీ మూలాలున్నాయి. బృందం పేరే ‘శరణార్థులు’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదానికి ముద్దుపేరు. లారిన్ హిల్ ఒకే పాటలో ర్యాప్ చేస్తుంది, గొంతెత్తి పాడుతుంది, రెంటి మధ్య గోడ ఉందన్న స్పృహే ఉండదు. వలస కుటుంబం నుంచి వచ్చిన పిల్లకు ఆ రికార్డు తన కోసమే చేసినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆమెను ర్యాపర్‌ను చేసింది కేవలం ఆ ఆల్బమ్ కాదు. తన ర్యాప్ నడకకు నాట్యంలో నేర్చిన జతులే మూలమని ఆమె పలుమార్లు చెప్పుకున్నారు. ఇది ప్రచారం కోసం చెప్పే ముచ్చటలా వినిపిస్తుంది కానీ కొంచెం లెక్క వేసి చూస్తే విషయం ఉన్న మాటే. ర్యాప్‌లో ప్రాథమిక కొలత ‘బార్’. ఒక బార్‌కి నాలుగు దెబ్బలు. ఆదితాళంలో ఒక ఆవృతానికి ఎనిమిది అక్షరాలు. అంటే రెండు బార్లు కలిస్తే ఒక ఆదితాళం. నట్టువనార్ చేసే పని ఆ తాళపు చట్రాన్ని చెక్కుచెదరనివ్వకుండా దాని లోపల అక్షరాలను ఒకసారి నాలుగేసి, మరోసారి మూడేసి, ఇంకోసారి అయిదేసి పేర్చడం. చతురశ్రం ‘తకధిమి’, తిశ్రం ‘తకిట’, ఖండం ‘తకతకిట’, మిశ్రం ‘తకిట తకధిమి’. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియాలి. ఎంత దూరం తిరిగినా చివరి అక్షరం కచ్చితంగా సమం మీద వచ్చి పడాలి. తీర్మానం మూడుసార్లు చెప్పి సమానికి చేర్చినప్పుడు సభలో వచ్చే చప్పట్లకూ, ర్యాపర్ చివరి ప్రాసను డోలు దెబ్బ మీద దింపినప్పుడు పుట్టే కేకలకూ కారణం ఒక్కటే.

2013లో మిగోస్ బృందం ‘వర్సాచే’ పాటతో అమెరికాను ఊపేసిన ‘ట్రిప్లెట్’ నడకను కూచిపూడిలో మూడో ఏడాది చదివే పిల్ల తిశ్రగతి అని గుర్తుపట్టేస్తుంది. ఒక దెబ్బలో మూడు అక్షరాలు, అంతే. అట్లాంటా కుర్రాళ్లు తిశ్రం మన దగ్గర నేర్చుకున్నారని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు (అలా అనేవాళ్లు మన సంఘాల్లో తప్పకుండా ఉంటారు). ఆఫ్రికా లయల్లో మూడు-నాలుగుల కలనేత మన శాస్త్రాలతో సంబంధం లేకుండానే ఉంది. విషయం వేరు. చిన్నప్పుడే అయిదు జాతుల్లోనూ కాలితో, నాలుకతో అలవాటు పడిన పిల్లకు ర్యాప్ కొత్త భాష కాలేదు. కొత్త ప్రాసలు మాత్రమే నేర్చుకోవలసి వచ్చింది.

కాలేజీలో ఆమె చదివింది మతాల అధ్యయనం. టీనేజిలో ర్యాప్ చేసిన తొలి పేరు ‘ఇండియన్ ప్రిన్సెస్’. దాన్ని ఇంటి భాషలోకి తెచ్చుకుంటే రాజా కుమారి.

కలం కూలి

ఆమె ఎదిగిన కాలంలో అమెరికన్ పాప్‌కు భారతదేశం మీద ప్రేమ పుట్టింది. కాకపోతే అది వస్తువుల మీద ప్రేమ, మనుషుల మీద కాదు. 1990ల చివర్లో గ్వెన్ స్టెఫానీ నుదుట బొట్టు పెట్టుకుని పాడింది. 2001లో మిస్సీ ఎలియట్ పాట కింద తుంబి మోగింది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని ‘అడిక్టివ్’ పాటలో లతా మంగేష్కర్ గొంతు అనుమతి లేకుండానే వినిపించింది. 1981 నాటి ‘జ్యోతి’ చిత్రంలోని ఆ పాట తనదని సంగీత దర్శకుడు బప్పీ లహిరి కోర్టుకెక్కారు. తన పేరు వేసేవరకూ రికార్డుల అమ్మకం ఆపాలంటూ 2003లో అమెరికా కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. భారతీయ స్వరం అమెరికన్ చార్టుల్లోకి ఎక్కగలదు, కానీ దాని వెనక ఒక మనిషి ఉన్నాడని చెప్పడానికి దావా వేయాలి. శ్వేతా రావుకు అప్పుడు పదిహేడేళ్లు.

ఆ పరిశ్రమలో ఆమెకు తెరుచుకున్న మొదటి తలుపు పాటల రచయితగానే. అమెరికన్ పాప్‌లో పాట రాయడం మన సినిమాల్లోలా ఒక కవి ఒంటరిగా చేసే పని కాదు. నలుగురైదుగురు ఓ స్టూడియో గదిలో కూర్చుంటారు. ఒకరు ట్రాక్ కడతారు, ఇంకొకరు పల్లవి అందిస్తారు, మరొకరు ఒక పంక్తి మారుస్తారు. చివర్లో ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాసుకుంటారు. అందులో పేరున్న గాయకుడూ ఉంటాడు, ఎవరికీ తెలియని అమ్మాయీ ఉంటుంది. పాట రేడియోలోనో, స్టేడియంలోనో, టీవీలోనో మోగినప్పుడల్లా రచయితల సంఘం లెక్కగట్టి వాటా పంపుతుంది. ముఖం తెలియకుండా బతకడానికి ఇది మంచి మార్గం.

2013లో ఇగ్గీ అజేలియా పాడిన ‘చేంజ్ యువర్ లైఫ్’ రచయితల్లో రాజా కుమారి ఒకరు. ఆ పాటున్న ‘ద న్యూ క్లాసిక్’ ఆల్బమ్ 2014లో వచ్చింది. 2015 గ్రామీల్లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ విభాగంలో నామినేషన్ పొందింది, అవార్డు మాత్రం ఎమినెమ్ పట్టుకెళ్లాడు. అప్పటి నుంచి మన పత్రికలన్నీ రాజా కుమారి పేరు ముందు ‘గ్రామీ నామినీ’ అని తగిలిస్తున్నాయి. ఆ నామినేషన్ ఆల్బమ్‌ది, అందులో ఆమెకు వాటా ఉంది. అలా చెబితే ఆమె గౌరవానికి వచ్చే లోటేమీ లేదు.

ఇక్కడే ఒక విడ్డూరం ఉంది. ఇగ్గీ అజేలియా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తెల్ల అమ్మాయి. అమెరికా దక్షిణాది నల్లవారి యాసలో ర్యాప్ చేస్తుందన్న విమర్శలు ఆమెను వెంటాడాయి. అదే 2013లో ఆమె ‘బౌన్స్’ పాట వీడియోను ముంబైలో చిత్రీకరించారు. పట్టుబట్టలు, నగలు, పెళ్లి ఊరేగింపు హంగామా అన్నీ ఉన్నాయి. బొట్టు పెట్టుకుని, జడ వేసుకుని, చిన్నప్పటి నుంచి నాట్యం చేసిన తెలుగు పిల్ల లాస్ ఏంజెలెస్‌లో పాటకు వెనక ఉంటే, ముంబై వీధిలో చీర కట్టి ర్యాప్ చేసే అవకాశం ఆస్ట్రేలియా అమ్మాయికి దక్కింది. దీనికి ఇగ్గీని తిట్టి ప్రయోజనం లేదు. భారతీయ వేషం అమ్ముడుపోతుందని రికార్డు కంపెనీలకు తెలుసు. భారతీయురాలు అమ్ముడుపోతుందన్న నమ్మకమే వాటికి లేదు.

2014లో ఫాల్ అవుట్ బాయ్ అనే రాక్ బృందం విడుదల చేసిన ‘సెంచురీస్’ ఆమె కలానికి దొరికిన పెద్ద విజయం. ర్యాప్ కాదు, స్టేడియాలు దద్దరిల్లే రాక్ పాట. బిల్‌బోర్డ్ హాట్ 100లో పదో స్థానం దాకా వెళ్లింది. క్రీడా ప్రసారాల్లో దాన్ని వాడని చోటు లేదు. సుజాన్ వేగా పాత పాటలోని ఒక రాగపు ముక్కను అందులో వాడుకున్నారు, రచయితల జాబితాలో ఆమె పేరూ వేశారు. అదే జాబితాలో రాజా కుమారి ఉన్నారు. ఈ పాటకే 2016లో బీఎంఐ పాప్ అవార్డు అందుకున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో లక్షమంది గొంతు కలిపే పాటలో ఒక చెయ్యి తెలుగమ్మాయిదని ఆ లక్షలో ఒక్కరికైనా తెలుసా అంటే అనుమానమే.

గల్లీలో రాకుమారి

సొంత గొంతుతో ఆమె తొలి ఈపీ ‘ద కమ్ అప్’ 2016లో సోనీకి చెందిన ఎపిక్ రికార్డ్స్ నుంచి వచ్చింది. ‘మ్యూట్’, ‘మీరా’ లాంటి పాటల్లో అప్పటిదాకా దాచుకున్నదంతా బయటపడింది. నుదుట బొట్టు, చెవులకు బుట్టలు, ఒంటి నిండా బంగారం. హిప్‌హాప్‌లో బంగారు గొలుసు సంపాదనకు చిహ్నం. తెలుగింటి ఆడపిల్లకు ఆ పాఠం ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

కానీ ఆమెను నిలబెట్టింది అమెరికా కాదు, ముంబై. 2015లో ‘మేరే గల్లీ మే’తో దుమారం రేపిన డివైన్‌తో కలిసి 2017లో ఆమె చేసిన ‘సిటీ స్లమ్స్’ ఇక్కడి కుర్రకారుకు ఆమెను పరిచయం చేసింది. అంధేరీ గల్లీల నుంచి వచ్చిన డివైన్, అసలు పేరు వివియన్ ఫెర్నాండెజ్, హిందీలో తన వీధి గురించి చెబుతాడు. క్లేర్‌మాంట్ నుంచి వచ్చిన రాజా కుమారి ఇంగ్లిష్‌లో అందుకుంటుంది. మధ్యతరగతి ప్రవాసుల అమ్మాయికి మురికివాడల పాటలో ఏం పని అని అడగవచ్చు. అడిగారు కూడా. హిప్‌హాప్‌లో ‘నువ్వెక్కడివాడివి’ అన్న ప్రశ్నకున్న బరువు మన కులాల సమాజంలో ఇంటిపేరు ప్రశ్నకున్నంత. గల్లీ నుంచి రానివారికి అక్కడ గౌరవం సులువుగా దొరకదు. ఆమె ఆ పాటలో నెగ్గింది పుట్టుక మీద కాదు, లయ మీద.

ఆ తర్వాత బాలీవుడ్ వరుస కట్టింది. 2018లో ‘రేస్ 3’లో ‘అల్లా దుహాయీ హై’, ‘జీరో’లో ‘హుస్న్ పర్చమ్’, 2019లో ‘జడ్జ్‌మెంటల్ హై క్యా’లో ‘వఖ్రా’. మొదటి పాటలో ఆమెతోపాటు గొంతు కలిపిన వారిలో ఇండియన్ ఐడల్ విజేత శ్రీరామచంద్ర ఒకరు. ఇద్దరు తెలుగువాళ్లు ఒక హిందీ పాటలో కలుసుకున్నారు, మన దగ్గర దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2019 ఫిబ్రవరిలో జోయా అఖ్తర్ ‘గల్లీ బాయ్’లో ఆమె తనలాగే తెర మీద కాసేపు కనిపించారు. అదే ఏడాది ఆగస్టులో మొదలైన ఎంటీవీ ‘హసల్’ ఆమెను ఇంటింటికీ తీసుకెళ్లింది. దేశంలో ర్యాప్ కోసమే పెట్టిన ఆ టీవీ పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతలు: రఫ్తార్, న్యూక్లియా, రాజా కుమారి. రఫ్తార్ అసలు పేరు దిలిన్ నాయర్, మలయాళీ. హిందీ ర్యాప్ ఎలా ఉండాలో తేల్చే మూడు కుర్చీల్లో రెండు దక్షిణాది మూలాలవారివి కావడం గమనించదగ్గ సంగతి.

ఆ కార్యక్రమంలో ఆమె మీద రెండు రకాల అభిప్రాయాలు వినిపించాయి. వేదిక మీద వణికిపోయే చిన్న ఊళ్ల కుర్రాళ్లకు ఊపిరి, నిలబడే తీరు, లయ గురించి ఆమె చెప్పిన మాటలు నిజంగా ఓ గురువు చెప్పాల్సినవే. మరోవైపు పోటీదారులు హిందీ, పంజాబీ యాసల్లో విసిరే చమత్కారాల్లో కొన్ని అమెరికాలో పెరిగిన ఆమెకు అందవన్న గొణుగుడూ ఉండేది. అందులో కొంత నిజం లేకపోలేదు. అమెరికాలో మరీ భారతీయురాలు, భారతదేశంలో మరీ అమెరికన్: ఈ రెండు ముద్రల మధ్య నలిగిన సంగతిని ఆమె దాచుకోలేదు. ‘ఎన్.ఆర్.ఐ.’ అనే పేరుతోనే ఒక పాట చేశారు.

ఈ ఇరకాటం అర్థం కావడానికి భిలాయి వాళ్లు అమెరికా వెళ్లనక్కర్లేదు. ఊళ్లో ‘మద్రాసీ’, శ్రీకాకుళం వెళ్తే ‘భిలాయోళ్లు’. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఒకటి, పెళ్లి పందిట్లో మరొకటి. రాజకీయ శాస్త్రం పాఠాల్లో దీనికి గంభీరమైన పేర్లున్నాయి. ఇక్కడి మూడో తరానికి అది రోజువారీ చికాకు.

తంబూరా పట్టిన ఆడమనిషి

భిలాయిలో కూర్చుని రాజా కుమారిని వింటే మరో స్త్రీ గుర్తుకురాక మానదు. ఈ పట్టణానికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని గనియారీలో పుట్టిన తీజన్ బాయి. పండవానీ కథాగానంలో ఆడవాళ్లు కూర్చునే పాడాలన్నది ఒకప్పటి కట్టుబాటు. నిలబడి, కదిలి, అభినయించి చెప్పే కాపాలిక పద్ధతి మగవారి సొత్తు. తీజన్ బాయి పదమూడేళ్లకే నిలబడి పాడారు. అందుకు సొంతవాళ్లే ఆమెను వెలివేశారు. చేతిలోని తంబూరా ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి రథం. భిలాయి ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది, దేశం 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆమె ర్యాపర్ అనడం అతిశయోక్తి. కానీ ఒక ఆడమనిషి ఒంటరిగా వేదిక మధ్యలో నిలబడి, తాళం మీద మాటను పరిగెత్తించి, వేలమందిని గుప్పిట్లో పెట్టుకోవడం మనకు కొత్త కాదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. మన బుర్రకథకూ ఇదే బలం. రాజా కుమారిని ‘పాశ్చాత్య ధోరణి’ అని కొట్టేసే పెద్దలు ఒక్కసారి తీజన్ బాయి పక్కన పెట్టి చూడాలి. ఒకరు చదువు లేకుండా చెవితో నేర్చారు, మరొకరు డాలర్లు కట్టి క్లాసులో నేర్చారు. ఇద్దరికీ ఎదురైన ప్రశ్న మాత్రం ఒకే జాతిది: ఇలా నిలబడే హక్కు నీకెవరిచ్చారు?

సొంత కొట్టు

2019లో ‘బ్లడ్‌లైన్’ ఈపీ వచ్చింది. ఆ తర్వాత ఆమె పెద్ద కంపెనీ నీడ నుంచి బయటికొచ్చి గాడ్‌మదర్ రికార్డ్స్ పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. తొలి పూర్తి ఆల్బమ్ ‘ద బ్రిడ్జ్’ 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ నుంచే విడుదలైంది. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్లు. ర్యాప్‌లో తొలి ఆల్బమ్‌కి అది ఆలస్యమైన వయసే. అయినా తొందరపడి ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. రికార్డు ఒప్పందంలో కంపెనీ ముందు అడ్వాన్సు ఇస్తుంది, వీడియోకు, ప్రచారానికి ఖర్చు పెడుతుంది. అదంతా వసూలయ్యేవరకూ కళాకారుడి రాయల్టీ ఖాతా అప్పులోనే ఉంటుంది. అసలు రికార్డింగ్ అంటే ‘మాస్టర్’ సాధారణంగా కంపెనీ సొత్తు. పాత కాలపు వడ్డీ వ్యాపారి దగ్గర పొలం పెట్టినట్టే. ఇతరుల పాటల్లో శాతాలు పంచుకుంటూ పదేళ్లు గడిపిన మనిషికి ఈ లెక్క అందరికంటే బాగా తెలిసి ఉండాలి.

ఆ ఆల్బమ్‌కి నెల ముందే, 2023 మార్చిలో, ‘నాటు నాటు’ లాస్ ఏంజెలెస్ వెళ్లి ఆస్కార్ తెచ్చుకుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు పాట తెలుగులోనే మోగి గెలిచింది. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి మాత్రం ముంబైలో హిందీ, ఇంగ్లిష్‌లతో గెలవాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో షారుఖ్ ఖాన్ ‘జవాన్’కు అనిరుధ్ చేసిన టైటిల్ ర్యాప్‌లో మోగిన గొంతు ఆమెదే. తమిళ దర్శకుడు, తమిళ సంగీత దర్శకుడు, తెలుగు ర్యాపర్ కలిసి హిందీ బాద్‌షాకు జేజేలు పలికారు.

ఆమెకు పేరు తెచ్చిన పాటల్లో తెలుగు పాట ఒక్కటీ లేకపోవడానికి బాధ్యత ఎవరిది? ప్రవాసంలో పెరిగి, ఇంగ్లిష్‌లో ఆలోచించే కళాకారిణిని నిందించడం సులువు. కానీ మన పరిశ్రమ ర్యాప్‌ను ఎలా చూసిందో కూడా చూడాలి. 1994లో ‘ప్రేమికుడు’ డబ్బింగ్‌తో రెహమాన్ ‘పేట ర్యాప్’ మనకు వినిపించి మూడు దశాబ్దాలు దాటింది. నేటికీ తెలుగు సినిమాలో ర్యాప్ అంటే హీరో ప్రవేశానికి ముందు ఎనిమిది పంక్తుల గర్జన. నోయెల్, రోల్ రైడా లాంటివారు హైదరాబాద్‌లో సొంతంగా దారి వేసుకునేందుకు ప్రయత్నించారు. వారిని ఎక్కువమంది ప్రేక్షకులకు పరిచయం చేసింది మాత్రం పాట కాదు, బిగ్‌బాస్ ఇల్లు. ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. తెలుగులో ర్యాప్ చేసే అమ్మాయికి సినిమా బయట జీవనోపాధి చూపించగల సంస్థ ఏదీ ఈ రెండు రాష్ట్రాల్లో కనబడదు. ముంబైలో అది ఉంది కాబట్టే ఆమె ముంబై వెళ్లారు. కళాకారులు మార్కెట్ ఉన్నచోటికి వెళ్తారు. మా తాతలు కొలిమి ఉన్నచోటికి వచ్చినట్టే.

ఇంతలో అమెరికా తలుపు మరో వైపు నుంచి తెరుచుకుంది. 2024 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఆర్కేన్’ యానిమేషన్ సిరీస్ రెండో భాగంలో ‘రెనగేడ్’ అనే పాటను ఆమె బ్రిటన్ ర్యాపర్ స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కోలతో కలిసి పాడారు. ఆ సిరీస్ పాటల సంపుటి 2025 మేలో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల్లో అభిమాన సౌండ్‌ట్రాక్‌గా గెలిచింది. భారతీయ మూలాలున్నవారికి ఈ అవార్డు దక్కడం ఇదే తొలిసారని పత్రికలు రాశాయి. గ్రామీ విషయంలో చెప్పిన జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది: అవార్డు సంపుటిది, అందులో చాలామంది ఉన్నారు. అయితే ఒక తేడా ఉంది. అప్పుడు ఆమె పేరు వెతకాలంటే కవరు మీది చిన్న అక్షరాల్లోకి వెళ్లాలి. ఇప్పుడు పాటలోనే ఆమె గొంతు ఉంది, పక్కన పేరు ఉంది.

దారి కొంత సుగమమైందనడానికి ఇంకో గుర్తు 2024లోనే కనిపించింది. కేరళలో పుట్టి టెక్సస్‌లో పెరిగిన హనుమాన్‌కైండ్ ‘బిగ్ డాగ్స్’ అనే ఇంగ్లిష్ ర్యాప్‌తో బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్లాడు. అతణ్ని ఎవరూ ‘నువ్వు ఇక్కడివాడివా, అక్కడివాడివా’ అని అంతగా నిలదీయలేదు. పదేళ్ల ముందు ఇది జరిగేదా? మగవాడు కాకపోతే జరిగేదా? రెండో ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు.

2025లో రాజా కుమారి చేసిన ఆల్బమ్ పేరు ‘కాశీ టు కైలాష్’. శివుడి చుట్టూ అల్లిన భక్తి పాటలు, కింద హిప్‌హాప్ డోలు. మార్కెట్ గాలి భక్తి వైపు వీస్తోందని పెదవి విరిచేవారు విరిచారు. దేశంలో ఇప్పుడు భక్తి సంగీతానికి ఉన్న గిరాకీ చూస్తే ఆ అనుమానం పూర్తిగా అన్యాయమూ కాదు. కానీ నాట్యం క్లాసులో చిన్నారులు మొదట నేర్చేది ఏ స్తోత్రమో, ఏ దేవుడికి నమస్కారమో గుర్తున్నవారికి ఇది కొత్త మలుపులా కనిపించదు. పదేళ్ల వయసులో ఫ్యూజీస్ వినకముందు ఆమెకు తెలిసిన సంగీతం ఇదే.

మా వీధి చివరి డాబా మీద క్లాసు తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. పిల్లలు గజ్జెలు విప్పి సంచిలో వేసుకుని మెట్లు దిగుతారు. ఒకరి ఫోన్‌లో ‘జవాన్’ ర్యాప్ మోగుతుంటుంది. ఆ పాడేది తెలుగు అమ్మాయని మొన్న చెబితే వాళ్లలో పెద్దపిల్ల నమ్మలేదు. ఇంటిపేరు చెప్పాక కాసేపు ఆగి, ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చా అని హిందీలో అడిగింది.